పిల్లల్ని ఆరాధన నుంచి బయటికి పంపాలన్న వాదన ఎక్కడ తప్పుతోంది?

"పిల్లలకు ప్రసంగం అర్థం కాదు. వాళ్ల అల్లరితో పెద్దలకు భక్తి కుదరదు. సండే స్కూల్ పుట్టిందే ఇందుకు. పెద్దయ్యాక ఎలాగూ వస్తారు. కాబట్టి మొదటి పాట నుంచి చివరి ఆశీర్వాదం దాకా పిల్లల్ని వేరే గదిలోనే ఉంచాలి." సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న వాదన ఇది. అల్లరి సంగతి సగం నిజం. మిగతాది నిలబడదు.

ముందు సండే స్కూల్ మాట. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో పత్రిక నడిపే రాబర్ట్ రైక్స్ ఈ బడులు మొదలుపెట్టాడు. వారమంతా గుండుసూదుల తయారీలో మగ్గే పిల్లలకు ఆదివారం ఒక్కటే తీరిక. ఆ రోజున వాళ్లకు చదువు చెప్పాలన్నది ఆయన ఉద్దేశం. ఆయనే రాసిన దినక్రమం చూడండి: పిల్లలు ఉదయం పది దాటాక వచ్చి పన్నెండు దాకా ఉండాలి. ఇంటికెళ్లి ఒంటి గంటకు తిరిగి రావాలి. ఒక పాఠం చదివాక వాళ్లను చర్చికి తీసుకెళ్లాలి. అక్కడినుంచి వచ్చాక అయిదు దాటేదాకా ప్రశ్నోత్తరాలు వల్లె వేయాలి. అంటే బడి ఆరాధనకు ముందూ వెనకా ఉంది గానీ, ఆరాధన వేళలో లేదు.

"అర్థం కాదు" అనేవాళ్లు ఆరాధనంటే ప్రసంగమే అనుకుంటున్నారు. పాటలు, ప్రార్థన, వాక్యపఠనం, కానుకలు, ప్రభు బల్ల ఏమైనట్టు? నాలుగేళ్ల పిల్లకు చరణాలు నోరు తిరగకపోవచ్చు. ప్రతి చరణం తర్వాతా మళ్లీ వచ్చే పల్లవి మాత్రం నాలుగైదు ఆదివారాల్లో పట్టుబడుతుంది. పరలోక ప్రార్థన అర్థం తెలిశాక నేర్చుకున్నవాళ్లు మనలో ఎందరు? ద్వితీయోపదేశకాండము 31:12లో ధర్మశాస్త్రం వినడానికి పిల్లల్ని కూడా పోగుచేయమన్నాడు మోషే. యోవేలు 2:16లోనైతే చంటిబిడ్డల్నీ వదల్లేదు. ఎఫెసీ పత్రిక 6:1లో పౌలు నేరుగా "పిల్లలారా" అని పిలిచాడంటే, ఆ ఉత్తరం చదివేటప్పుడు వాళ్లు వింటూ ఉంటారనే కదా. ఇక ప్రసంగం వినలేకపోవడం పిల్లల జబ్బే అనుకుంటే, పౌలు మాట్లాడుతుండగా నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడిన ఐతుకు యౌవనస్థుడు.

అమెరికా, గల్ఫ్ తెలుగు సంఘాల్లో నష్టం ఇంకొంచెం ఎక్కువ. పిల్లలకు గదిలో అంతా ఇంగ్లీషులో జరిగితే, అమ్మానాన్నల పాటలు వాళ్ల చెవిన పడే చోటే ఉండదు.

ఇప్పుడు అల్లరి. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చునే సంఘాల్లో పిల్లల భారమంతా తల్లిదే. నాన్న అటుపక్క ప్రశాంతంగా వాక్యం వింటుంటాడు. అయిదేళ్లు దాటిన వాళ్లలో ఒకరినైనా ఆయన పక్కన కూర్చోబెట్టుకుంటే సగం గొడవ తగ్గుతుంది. పిల్లలతో వచ్చినవాళ్లు వెనక కూర్చుంటారు, అక్కడ పిల్లలకు వీపులు తప్ప ఏమీ కనబడవు. ముందు వరుసల్లో ఒక పక్కగా, స్పీకర్ బాక్సులకు దూరంగా చాప వేయండి. ఏడుస్తున్న బిడ్డను బయటికి తీసుకెళ్లడంలో తప్పులేదు. కానీ అక్కడ ఆడుకోనిస్తే, ఏడిస్తే ఆట దొరుకుతుందని నేర్చుకుంటుంది. ఊరుకోగానే లోపలికి తీసుకురావాలి. చేతికి ఫోన్ ఇవ్వడం కన్నా వేరే గదే నయం.

గది వద్దని మేం అనడం లేదు. "సండే స్కూల్ బైబిల్లో లేదు" అని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. మైకు కూడా లేదు. నెహెమ్యా 8:2లో ధర్మశాస్త్రం వినడానికి చేరినవాళ్ల గురించి చెబుతూ, విని గ్రహించగల వాళ్లందరి మాటా ఉంది కాబట్టి, మరీ చిన్నవాళ్లకు ప్రసంగం వేళ వేరే పాఠం పెట్టడం దోషం కాదు. కతోలిక సంఘం 1973లో పిల్లల పూజల కోసం ఇచ్చిన మార్గదర్శకం కూడా అలాంటిదే: పూజలో వాక్యపఠనం, ప్రసంగం ఉండే భాగాన్ని పిల్లలకు మరీ దూరం కాని వేరే చోట జరపవచ్చు, ఆ తర్వాత పిల్లల్ని పెద్దల దగ్గరికి తీసుకురావాలి.

ఆచరణలో ఇలా కుదురుతుంది: పాటలు, ప్రార్థన అందరూ కలిసి. ప్రసంగానికి ముందు మూడు నుంచి ఆరేళ్ల వాళ్లు గదికి వెళ్లి, చివరి పాటకు తిరిగి రావాలి. ఏడేళ్లు, ఆపైవాళ్లు కూర్చుని, నోటుపుస్తకంలో వాక్యం రిఫరెన్సు, విన్న మూడు మాటలు రాసుకుంటే చాలు. గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, ఒక్కరే వద్దు. తలుపు తీసే ఉంచాలి. ఎవరు అప్పగించారో వాళ్లకే బిడ్డను తిరిగి ఇవ్వాలి. నాలుగు జతల టీచర్లుంటే ఒక్కొక్కరికి నెలకు ఒక ప్రసంగమే, అరుదుగా రెండు, తప్పుతాయి. ఇద్దరి మీదే వేస్తే ఏడాది తిరక్కుండానే మానేస్తారు. ఎక్కువగా చెడేది సమయం దగ్గరే: పాఠం అరగంటలో అయిపోతుంది, ప్రసంగికుడు గంట దాటినా ఆపడు. అందుకని అదనంగా రెండు పాటలు, రంగులు వేసే కాగితాలు సిద్ధంగా ఉంచుకోండి. ప్రసంగికుడికి కూడా గడియారం చూపించండి.

"పెద్దయ్యాక వస్తారు" అన్నదానికి జవాబు చిన్నదే. అప్పటిదాకా గదిలోనే ఉన్న పదమూడేళ్ల కుర్రాడికి పాటలూ తెలియవు, ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో తెలియదు. ఇప్పటికే పూర్తిగా విడదీసిన సంఘాలు ఒక్కసారిగా మార్చవద్దు. మొదటి నెల ఒక పాట, పరలోక ప్రార్థన కలిపి పది నిమిషాలు. రెండో నెల ఇరవై. కానుకల పళ్లెం పట్టుకోవడం, వాక్యం చదవడం లాంటి పనులు మూడో నెల నుంచి పిల్లలకు అప్పగించవచ్చు. చదవాల్సిన భాగం ముందు ఆదివారమే చేతికిస్తే ఇంట్లో సాధన చేసుకుని వస్తారు.