ఉలుగ్ ఖాన్‌కు రెండు దండయాత్రలు, మనకు ఒక పెన్సిలు

హనుమకొండలో ఒక బడి. పేరు చెప్పను, అందులో నాలుగు ఇంగ్లిషు మాటలున్నాయి, చెప్పినా గుర్తుండదు. ఆ బడి పిల్లవాడి ఏడో తరగతి సోషల్ పుస్తకం ఈమధ్య నా చేతికొచ్చింది. కాకతీయుల పాఠం మీద మూల నుంచి మూలకు పెన్సిలు గీత. పక్కన ‘ఛాయిస్’ అని రాసి ఉంది. ఈ పాఠం ఛాయిస్‌లో వదిలేయొచ్చని, చదివి టైం వేస్టు చేయొద్దని మేనేజ్‌మెంట్ వారి ఆజ్ఞ. బడి కిటికీలోంచి చూస్తే రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడో చెట్టో ఏదో ఒకటి కనిపిస్తుంది. ఏదైతేనేం, రెండూ సిలబస్‌లో లేవు.

ఈ ఘనకార్యాన్ని తక్కువ చేయకూడదు. ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ అంత సైన్యంతో వచ్చి కూడా 1310లో కప్పం పట్టుకుని పోయాడు తప్ప కాకతీయులను తుడిచెయ్యలేకపోయాడు. ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ మొదటిసారి ఓరుగల్లు కోట పట్టలేక వెనుదిరిగి, మళ్లీ వచ్చి నెలల తరబడి చుట్టుకుని కూచుంటే గానీ 1323లో ప్రతాపరుద్రుడు చిక్కలేదు. అగడ్త, మట్టికోట, రాతికోట, ఇన్ని దాటాలి మరి. మన బడికి ఒక్క పెన్సిలు సరిపోయింది. అదీ పిల్లవాడిదే.

అలా మిగిల్చిన పీరియడ్లు ఐఐటీ ఫౌండేషన్‌కు పోతాయి. సోషల్ పీరియడ్ అసలే లేదా అంటే, ఉంది. టైంటేబుల్లో ఉంది.

మొన్న ఆ బడిలో పేరెంట్స్ మీటింగుకు మేనల్లుడి తరఫున వెళ్లాను. లెక్కల సారు ఏసీ గదిలో ఉన్నారు, లైను మెట్లు దిగి గేటు దాకా ఉంది. ఫిజిక్స్ మేడం దగ్గర టోకెన్లు ఇస్తున్నారు. సోషల్ సారును మెట్ల కింద, వాటర్ ఫిల్టర్ పక్కన కూచోబెట్టారు. అందుకని ఆయన దగ్గరికి రాని మనిషి లేడు. ‘లెక్కల సారు ఏడ కూసున్నరు సార్?’ అని ఒకరు. ‘గ్లాసులు లేవా?’ అని ఇంకొకరు. బస్సు రోజూ లేటొస్తోందని ఒకామె ఆయన్ను దులిపేసింది, ఆయన సారీ కూడా చెప్పాడు. చివరికి ఒక తండ్రి వచ్చి ఎదురు కుర్చీలో కూచున్నాడు. సారు ముఖం వెలిగిపోయింది. గబగబా జవాబు పత్రాల కట్ట విప్పాడు.

‘కాళ్లు గుంజుతున్నయి సార్, మా టోకెన్ వచ్చేదాక జర కూసుంట.’

అయినా సారు వదల్లేదు. ‘వదిలెయ్యుమన్నా ఇనకుండ మీ బాబు చెరువుల ప్రశ్న రాసిండు సార్. మస్తు రాసిండు. గణపతిదేవుని కాలంల పాకాల, రామప్ప చెరువులు ఎట్ల కట్టిండ్రు, పై చెరువు మత్తడి దుంకితే నీళ్లు కింది చెరువుకు ఎట్ల పోతయి...’

‘చెరువుల ముచ్చట ఇప్పుడెందుకు సార్? వానొస్తే మా కాలనీల నడుముల దాక నీళ్లు. 2020ల ఫ్రిజ్జు పోయింది, 2023ల కొత్త ఫ్రిజ్జు పోయింది. గా నీళ్లు ఏడికెల్లి వస్తున్నయో ఎవలకు తెల్వది.’

‘ఇల్లు ఏడ సార్?’

‘చెరువు లోపలి శిఖం జాగల. అగ్గువకు వచ్చింది.’

ఇంతలో టోకెన్ పిలిచారు. ఆయన లెక్కలకు వెళ్లిపోయాడు.

ఈ పిల్లలే పదేళ్లకు హైదరాబాద్‌లో సర్కారు కొలువుల కోచింగులకు అడ్డా అయిన అశోక్‌నగర్‌లో మంచం అద్దెకు తీసుకుంటారు. గ్రూప్-2లో తెలంగాణ ఉద్యమానికి ఏకంగా ఒక పేపరుంది కదా! చరిత్ర ప్రశ్నలు వేరే. చందుపట్ల శాసనం ఎవరి మరణం గురించి చెబుతుంది, ఎ, బి, సి, డి. ఏడో తరగతిలో కొట్టేసిన రుద్రమదేవిని అక్కడ వాయిదాల మీద కొనుక్కుంటారు.

సరే, రాజుల సంగతి పోనీ. ఎనిమిదో తరగతి పుస్తకంలో హైదరాబాద్ సంస్థానం పాఠానికి కూడా అదే గీత పడింది. ఆ బడి బస్సు రోజూ పరకాల నుంచి పిల్లల్ని ఎక్కించుకొస్తుంది. 1947 సెప్టెంబరు 2న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన పద్దెనిమిది రోజులకు, జాతీయ జెండా ఎగరేద్దామని వచ్చిన జనం మీద తుపాకులు పేలిన ఊరు అది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను విసునూరు దొర మనుషులు కాల్చి చంపారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో, బురుజెక్కి ఊరిని కాచుకున్నవాళ్లను రజాకార్లు పట్టుకుని వరసగా నిలబెట్టి కాల్చారు. ఆ ఊళ్ల మునిమనుమలు ఇవాళ అప్పు చేసి ఫీజు కట్టి, మీ బెంచీల మీద కూచుని, ఆ పేజీ తిప్పెయ్యమని మీతో చెప్పించుకుంటున్నారు. వాళ్ల ముత్తాత చచ్చింది ఎన్ని మార్కులకో లెక్కేసి, గిట్టుబాటు కాదని తేల్చారు. సిగ్గుండాలి. ఏ దొర రాసిచ్చాడయ్యా మీకీ అధికారం?