ప్రోగ్రెస్ కార్డు గారికి

గౌరవనీయులైన ప్రోగ్రెస్ కార్డు గారికి,

కర్నూలు నుంచి ఒక తల్లి రాస్తున్నది. నన్ను మీరు మర్చిపోయి ఉండొచ్చు. ఎనిమిదో తరగతి, క్వార్టర్లీ, లెక్కల్లో 28, దాని కింద ఎర్ర గీత. ఆ కార్డు మీద మా నాన్న సంతకం పెట్టింది నేనే. నాలుగు రోజులు రఫ్ నోట్సు వెనక పేజీల్లో సాధన చేసి, చివర్లో ఆయన తిప్పే వంకరతో సహా దింపాను. ఆ మూడు నెలల్లో నేను ఒళ్లు దగ్గర పెట్టుకుని నేర్చుకున్నది అదొక్కటే. దానికి మీ దగ్గర గడి లేదు.

ఇక అసలు సంగతి. మా పాపకు పదేళ్లు. బడి మాన్పించి మూడేళ్లయింది, ఇంట్లోనే చదివించుకుంటున్నాం. కాబట్టి తమరు మా ఇంటికి రావడం లేదు. మీరు రాకపోయినా మీ యోగక్షేమాలు అడిగేవాళ్లకు మాత్రం కొదవ లేదు. మొన్న ఆదోనిలో పెళ్లికి పోతే, భోజనాల్లో ఇంకా కూర్చోనన్నా లేదు, మా పెద్దమామ మొదలుపెట్టాడు.

"ఎన్నో క్లాసు పాపా?"

"ఏ క్లాసూ కాదు తాతా, ఇంట్లోనే."

ఆయన నా వైపు తిరిగాడు. "మరి పిల్లకు చదువు వస్తాందో లేదో ఎట్ల తెలుస్తాదమ్మా?"

నేను నోరు తెరిచేలోపే పదిహేడో ఎక్కం అడిగాడు. పాప పదిహేడు ఆర్ల దగ్గర ఆగిపోయింది. మామ ముఖంలో మీరు కనబడ్డారు: గ్రేడు సి, ఇంకా శ్రద్ధ అవసరం. పన్నెండు దాటితే ఆయనకూ ఎక్కాలు రావని అత్త తర్వాత నా చెవిలో చెప్పింది, అది వేరే విషయం.

మామ అడిగింది తప్పేం కాదు. అదే ప్రశ్నతో నాకు నిద్ర పట్టని రాత్రులున్నాయి. ఏడేళ్లు దాటినా పాపకు ఒత్తులు పట్టుబడలేదు. పక్కింటి పిల్ల పేపరు గడగడా చదివేస్తుంటే, మాది 'అమ్మ'ను 'అమమ' అనేది. టెన్షన్‌తో వర్క్‌బుక్కుల మీద వర్క్‌బుక్కులు కొన్నాను. ఏదీ పనికి రాలేదు. పనికొచ్చింది కర్నూలు బస్టాండు. ఒకరోజు మా బస్సు కోసం నిలబడి ఉండగా, వచ్చే బస్సుల బోర్డులు కూడబలుక్కుంటోంది. "నం-ది-కొ-ట-కూరు" అని ఆగింది. "కాదమ్మా, ట కింద ఏదో వేలాడుతోంది," అంది తనే. పెదాలు కదిలాయి. "నందికొట్కూరు!" అని అరిచింది. ఆ తర్వాత ఆత్మకూరు, ఎమ్మిగనూరు, ఒకదాని వెనక ఒకటి. మా బస్సు వచ్చి వెళ్లిపోయింది. నేను ఎక్కించలేదు.

ఒత్తులు ఏ తేదీన వచ్చాయని మీరు అడిగితే నేను చెప్పలేను. ఎన్ని నెలలుగా లోపల నానుతున్నాయో. ఆ రోజు బయటపడ్డాయి, అంతే.

ఇంకొకటి చెప్పాలి, దీన్ని ఏ గడిలో వేస్తారో చూద్దాం. సుంకేసుల దగ్గర తుంగభద్రను వదిలి కడప దాకా పోయే కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ), మన ఊళ్లో హంద్రీ ఏటిని దాటాలి. 1860లలో ఆ కాలువ తవ్వినవాళ్లు కింద ఏరు, పైన కాలువ పోయేలా వంతెన కట్టారు. పాప అది చూసి "ఏటి మీద నీళ్లు ఎట్ల పోతాయి?" అంది. నాకూ సరిగ్గా తెలియదు కాబట్టి, అదృష్టవశాత్తూ, పాఠం చెప్పలేకపోయాను. మరుసటి రోజు పెరట్లో నిలువునా చీలిన పైపు ముక్క ఒకటి, నాలుగు ఇటుకలు, చెంబు, బకెట్టు. పైపును సమంగా పెడితే నీళ్లు వెనక్కే కారాయి. ఇటుక ఎత్తు పెడితే బకెట్టు దాటి దూకాయి. పగిలిన టైలు ముక్కలు ఒక్కొక్కటే కింద పెడుతూ, తీస్తూ రెండు రోజులు. నా బట్టలు ఉతికే చోటు ఆ రెండు రోజులూ ప్రాజెక్టు ముంపు ప్రాంతం. మూడో రోజు రాత్రి జొన్నరొట్టె తుంచుతూ, ఎవరూ అడగకుండానే అంది: "అమ్మా, నీళ్లు కడప దాకా వాటంతటవే పోతున్నాయంటే, కడప మనకంటే పల్లంలో ఉందా?"

ఉంది. మ్యాపులో కడప ఎక్కడో చూపించమంటే అనంతపురం మీద వేలు పెట్టే పిల్ల అది. మీ దగ్గర సైన్సు, సాంఘికం, లెక్కలు వేరువేరు గడులు. ఇది వాటి మధ్య గీత మీద పడింది.

తమరిని తిట్టడం నా ఉద్దేశం కాదు. బడిలో ఒక టీచరుకు అరవై మంది ఉంటే, ఒక్కొక్కరి రొట్టె దగ్గర కూర్చోలేరు, అందుకు మీరు కావాలి. నా గొడవ వేరే. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్లో పిల్లల అవగాహననూ, నేర్చుకున్నదాన్ని వాడుకునే శక్తినీ నిరంతరం, సమగ్రంగా మదింపు చేయాలని ఉంది. ఎంత చక్కటి మాట. తమరి చేతిలో పడగానే అది ఎఫ్‌ఏ-1, ఎఫ్‌ఏ-2, ఎస్‌ఏ-1 అనే పరీక్షలై కూర్చుంది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోనైతే ఇంట్లో చదివే పిల్లల పనులన్నీ ఫైలు కట్టి, అర్హత ఉన్న మనిషికి ఏటా చూపించాలట. మనకు ఆ ఫైలూ లేదు, ఆ మనిషీ లేడు. పెద్దమామ ఉన్నాడు.

పద్నాలుగు నిండాక సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా పదో తరగతి రాయిస్తాం. అప్పుడు మీ అన్నగారు మార్కుల మెమో ఎలాగూ వస్తాడు. రానివ్వండి, కాఫీ ఇస్తాం.

ఒక్క నేరం ఒప్పుకోవాలి. ఇన్ని మాటలు మాట్లాడుతున్న నేను, బీరువాలో చీరల కింద ఒక లాంగ్ నోట్‌బుక్ దాచాను. అందులో రోజూ రాత్రి గీతలు కొట్టి, 'భిన్నాలు 70, చేతిరాత 45, శ-ష-స తేడా: సున్నా' అని వేసేదాన్ని. రెండు నెలలు మీకు ఇంట్లో ఉచితంగా బ్రాంచి నడిపాను. పోయిన ఆదివారం తీసి చూస్తే, చివరి పేజీలో కొత్త పట్టిక ఉంది. అమ్మ: వంట 78, కథలు చెప్పడం 90, ఓపిక 35, పాస్. కింద తల్లిదండ్రుల సంతకం అని రాసి నా సంతకమే పెట్టి ఉంది. నేనే ఒక నిమిషం గుర్తుపట్టలేకపోయాను.

ఇట్లు,
తమ పాత బాధితురాలు

(పై సంతకం నాదే. ఈసారికి.)