మహారాజశ్రీ టీఎంసీ గారికి

కోనసీమ శివారు రైతు నమస్కరించి విన్నవించుకునేది.

నిన్న రాత్రి మా వంతు. పది నుంచి నాలుగు వరకు. టార్చిలైటు, పార, దోమలకు దుప్పటి పట్టుకుని తూము దగ్గర కూర్చున్నాను. దాళ్వా వరి పొట్ట మీద ఉంది. తమరు రాలేదు. బోదెలోకి ఒక కప్ప వచ్చింది, అదీ నీళ్లు వెతుక్కుంటూ.

తమరు ఎక్కడున్నారో తెలుసు. సాయంత్రం టీవీలో చూశాను. గోదావరి నుంచి రాయలసీమలోని బనకచర్లకు తమవాళ్లు 200 మంది తరలి వెళ్లాలని ఒకాయన, ఒక్కరినీ కదలనివ్వనని ఇంకొకాయన. పోలవరం పేరు చెప్పి కృష్ణకు రాసిన 80లో 45 ఎవరివో రెండు తెలుగు రాష్ట్రాలకు ఇంకా తెగలేదు. ఏటా మూడు వేల మంది సముద్రం పాలవుతున్నారని అందరూ కన్నీళ్లు పెట్టుకుంటారు. ఆ కన్నీళ్లయినా మా బోదెకు మళ్లిస్తే బాగుండును.

నిద్ర పట్టక లెక్క వేశాను. తమరంటే వంద కోట్ల ఘనపుటడుగులు. నా రెండెకరాల్లో రెండంగుళాలు నిలవడానికి 14,520 చాలు. తమరిలో ఒక్కరు చాలు, నాలాంటి వాళ్లు 68 వేల మంది గట్టెక్కుతారు.

మహారాష్ట్రలో గోదావరి మీదున్న బాబ్లీ గేట్లు జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా తెరిచి ఉంచాలని, మార్చి 1న 0.6 టీఎంసీ వదలాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. తేదీలతో సహా! నా ఎగువ రాష్ట్రం మా చెల్లెలి మొగుడు. ఆయనకు తేదీ లేదు, గేటు లేదు. పంట బోదెకు అడ్డంగా అరటి బోదె ఉంది. వెళ్లి అడిగితే, "ఇంకో గంటే బావా. మీ చెల్లెలు తినేదీ ఈ చేని గింజలే కదా" అన్నాడు. దీన్ని ఏ ట్రిబ్యునల్లో వేయమంటారు?

అసలు నువ్వు నీటికి కొలతవా, మైకులకు కొలతవా? కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన 1852లో నీ పేరు ఈ ఊళ్లో ఎవడికి తెలుసు? ఇప్పుడు మూడో తరగతి పిల్లకూ తెలుసు. నీళ్లు మాత్రం సీలేరు నుంచి బయలుదేరాయట, దారిలో ఉన్నాయట, మగపెళ్లివారిలాగా!

ఐదింటికి చీలమండ తడిసేంత వచ్చాయి. నా దిగువన ఇంకో ఎకరం ఉంది. ఆ ఆసామీ కూడా రాత్రంతా గట్టు మీదే ఉన్నాడు. అటు చూడకుండా బోదెకు అడ్డంగా నాలుగు పారల మట్టి వేశాను.

"ఇంకో గంటే" అన్నాను.

ఇట్లు,
శివారుకు ఒక చేను ఎగువన