“ఏమైనా ఉంటే చెప్పు” అనడం మానేద్దాం

“ఏమైనా ఉంటే చెప్పు, మొహమాటపడకు.” మనసు బాగోలేని మనిషి కనిపిస్తే మన నోటికి ముందు వచ్చే మాట ఇదే. నేనూ ఎంతమందితో అన్నానో. అదెంత బరువైన మాటో నా దాకా వచ్చాకే తెలిసింది.

రెండేళ్ళ కిందట ఏడు నెలలు డిప్రెషన్‌లో ఉన్నాను. స్నానానికి లేవాలన్నా ఓపిక చాలేది కాదు, ఫోన్ మోగితే గుండెదడ. “ఏమైనా ఉంటే చెప్పు” అన్నవాళ్ళు పదిమందికి తక్కువ ఉండరు, అందరూ ప్రేమతోనే అన్నారు. కానీ చెప్పాలంటే ముందు నాకేమైందో నాకు అర్థం కావాలి. దానికి మాటలు దొరకాలి. ఎవరికి చెప్పాలో తేల్చుకోవాలి, వాళ్ళకి భారమవుతున్నానేమో అన్న బెంగ దాటాలి. అంత శక్తి ఉంటే నేను మంచం మీద ఎందుకుంటాను?

ఒక్క స్నేహితురాలు మాత్రం ఏమీ అడగలేదు. రోజూ సాయంత్రం రెండు లైన్ల మెసేజ్ పెట్టేది. “ఇవాళ వాన పడింది, గొడుగు మర్చిపోయాను” లాంటివి. కింద “జవాబు రాయక్కర్లేదు” అని. మూడు వారాలు నిజంగానే రాయలేదు. తను ఆపలేదు. నాలుగో వారం “చదివాను” అని ఒక్క మాట రాశాను. ఆ నెలలోనే తను తోడు వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. మందులు పనిచేశాయి. మనుషులుంటే చాలు, మందులెందుకు అనేవాళ్ళతో నాకు గట్టి పేచీ ఉంది. నాకు రెండూ కావాల్సొచ్చాయి, మనిషి ముందు వచ్చింది కాబట్టే మందు దాకా వెళ్ళగలిగాను.

కోలుకున్నాక దీని గురించి వెతికి చదివాను. జెరోమ్ మోటో అని శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక సైకియాట్రిస్ట్ ఉండేవారు. డిప్రెషన్‌తోనో, ఆత్మహత్య ఆలోచనలతోనో ఆస్పత్రిలో చేరి, ఇంటికెళ్ళాక చికిత్స వద్దన్న 843 మందిని ఆయన రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఐదేళ్ళపాటు చిన్న చిన్న ఉత్తరాలు వెళ్ళాయి. మీరు బాగున్నారని అనుకుంటున్నాం, రాయాలనిపిస్తే రాయండి, అంతే. సలహా లేదు, రమ్మని ఒత్తిడి లేదు. రెండో గుంపుకి ఏ ఉత్తరమూ లేదు. మొదటి రెండేళ్ళలో ఉత్తరాలు అందుకున్నవాళ్ళలో ఆత్మహత్యలు స్పష్టంగా తగ్గాయి. 2001లో అచ్చయిన ఆ ఫలితాలు చదువుతూ ఏడ్చేశాను. నా ఫోన్‌లోకి వచ్చిన రెండు లైన్లూ అవే కదా.

“నేనేమన్నా డాక్టర్నా, ఏం మాట్లాడాలో నాకేం తెలుసు” అంటారు చాలామంది. జింబాబ్వేలో సైకియాట్రిస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉన్న రోజుల్లో, 2006లో డిక్సన్ చిబాండా అనే డాక్టర్ మామూలు అమ్మమ్మలకి శిక్షణ ఇచ్చి, క్లినిక్ బయట చెక్కబెంచీ మీద కూర్చోబెట్టారు. వాళ్ళు డిప్రెషన్ అనే మాట ఎత్తరు. షోనా భాషలో “కుఫుంగిసిసా” అంటారు, అంటే అతిగా ఆలోచించడం. ఇది పనిచేస్తుందా అని 573 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. అమ్మమ్మలతో కూర్చుని మాట్లాడినవాళ్ళు ఆరు నెలలకి మిగతావాళ్ళకన్నా చాలా తేరుకున్నారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. చచ్చిపోవాలని ఉందన్న మాట ఏ రూపంలో వినిపించినా మెసేజ్‌లతో సరిపెట్టొద్దు. “చనిపోవాలనిపిస్తోందా?” అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు, అలా జరగదు. ఒంటరిగా వదలకండి, డాక్టర్ దగ్గరికి వెంటబెట్టుకుని తీసుకెళ్ళండి.

మిగతా రోజుల్లో చిన్నగా, ఆపకుండా చేయండి. మొదటి వారం గంటల తరబడి ఫోన్లు చేసి, జవాబు లేదని రెండో వారానికి నొచ్చుకుని మానేసినవాళ్ళు నాకు గుర్తున్నారు. వాళ్ళ మీద కోపం లేదు. వాళ్ళు మానేసిన రోజు మాత్రం, నేను అక్కర్లేదని నాకున్న అనుమానం నిజమే అనిపించింది.

పాత ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే ఆయన కొన్ని నెలలుగా ఎవరికీ అందుబాటులో లేరు. మొన్న ఆదివారం రెండు లైన్లు రాశాను, కింద జవాబు రాయక్కర్లేదని పెట్టాను. ఇంకా చూడలేదు. ఇవాళ ఇంకోటి రాస్తున్నాను.