రక్తమిచ్చే వయసు దాటింది, సైకిల్ తొక్కే వయసు దాటలేదు

సంక్రాంతి రద్దీ తగ్గాక హైదరాబాద్ నుంచి విశాఖపట్నం దాకా సైకిళ్ల మీద బయల్దేరుతున్నాం. విజయవాడ వరకు 65వ నంబరు జాతీయ రహదారి, అక్కడి నుంచి ఏలూరు, రావులపాలెం, రాజమండ్రి, తుని మీదుగా 16వ నంబరు రహదారి. ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. మాలో అందరూ అరవై దాటినవాళ్లే. నాకు అరవై ఆరు. తలసీమియా అనే రక్తవ్యాధి ఉన్న పిల్లల వైద్యానికి విరాళాలు పోగుచేయడం కోసం ఈ ప్రయాణం.

ఈ సంగతి చెప్పినప్పటి నుంచి ఇంటా బయటా ఒకటే మాట. "ఈ వయసులో నీకెందుకక్కా ఈ అవస్థ? కృష్ణా రామా అనుకుంటూ ఇంటిపట్టున ఉండక" అని తమ్ముడు. "ఆ డబ్బులేవో మేమే ఇస్తాం, నువ్వు మాత్రం వెళ్లకు పెద్దమ్మా" అని చెల్లెలి కొడుకు. ప్రేమకొద్దీ అంటున్నారని తెలుసు. అయినా కోపం వస్తోంది. మనవళ్లను స్కూల్లో దింపి రావడానికి, పెళ్లింట్లో పొద్దస్తమానం నిలబడి వడ్డించడానికి అడ్డురాని వయసు, నేను సైకిలెక్కుతాననగానే అందరికీ ఎందుకు గుర్తొస్తుంది? మీ పనికొస్తే ఓపికున్నట్టు, మాకు నచ్చింది చేస్తే లేనట్టా?

నేను టీచరుగా చేసినప్పుడు మా క్లాసులో ఒక పిల్లవాడు మూడు వారాలకోసారి బడి మానేసేవాడు. రక్తం ఎక్కించుకోవడానికి వెళ్లేవాడు. తిరిగొచ్చిన రెండు రోజులూ హుషారుగా ఉండేవాడు, తర్వాత మెల్లగా ముఖం పాలిపోయేది. తలసీమియా మేజర్ అంటే అదే. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం కావాలి, బతికినంతకాలం. ఎక్కించిన రక్తంతో ఒంట్లో ఇనుము పేరుకుపోయి గుండెనూ కాలేయాన్నీ దెబ్బతీస్తుంది కాబట్టి, దాన్ని బయటికి పంపే మందులు కూడా రోజూ వాడాలి. మామూలు సంసారానికి ఆ ఖర్చు ఎంత బరువో ఆ తల్లి ముఖంలో చూశాను.

అప్పటి నుంచి వీలైనప్పుడల్లా రక్తం ఇస్తూ వచ్చాను. మన దేశంలో 65 దాటితే తీసుకోరు. ఆ నిబంధన సరైనదే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఇవ్వడం ఆగిపోయిన రోజున చాలా వెలితిగా అనిపించింది. కాళ్లలో సత్తువ ఉంది కదా, దానితో ఏమైనా చేద్దామనుకున్నాను.

సత్తువ ఉందని ఊరికే అనడం లేదు. గుండె పరీక్షలన్నీ చేయించుకుని, డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాను. దూరం నెమ్మదిగా పెంచుకుంటూ వచ్చాను. వయసు మీద పడేకొద్దీ దాహం సరిగ్గా తెలియదు, అందుకే దాహం వేసినా వేయకపోయినా వేళకు నీళ్లు, మజ్జిగ తాగుతాం. షుగర్ మందులు వాడేవాళ్ల జేబులో గ్లూకోజ్ ఉండాల్సిందే. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్లు పోతాయి, పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి. ఇంకొకటి, సైకిల్ తొక్కితే గుండెకు మంచిదే గానీ ఎముకలకు పెద్దగా బలం రాదు. నా వయసు ఆడవాళ్లు మెట్లెక్కడం, కాస్త బరువులెత్తడం కూడా చేయాలి.

ఫ్రాన్స్‌లో రోబెర్ మార్షాన్ అని ఒకాయన ఉండేవారు. నూరేళ్ల వయసులో, 2012లో, గంటలో 24 కిలోమీటర్ల పైచిలుకు తొక్కారు. 2014లో, 102 ఏళ్లప్పుడు, దాదాపు 27 తొక్కారు. సాధన చేస్తే ఆ వయసులో కూడా మెరుగుపడొచ్చు. నేను రికార్డుల కోసం వెళ్లడం లేదు, రోజుకు ఎనభై కిలోమీటర్లు క్షేమంగా తొక్కితే చాలు.

ప్రపంచ తలసీమియా దినం మే 8. ఆ రోజుకి పెట్టుకోమని కొందరన్నారు. మే నెల ఎండలో అరవై దాటినవాళ్లు హైవే మీద తొక్కడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. జనవరిలోనూ తెల్లవారుజామున పొగమంచు ఉంటుంది కాబట్టి, అది వీడేదాకా కదలం. నాకున్న భయమల్లా రాంగ్ రూట్లో వచ్చే బైకులు, రోడ్డు వార లైట్లు లేకుండా ఆపిన లారీలు.

ఇక డబ్బు మాట. సేవ పేరు చెప్పి ఊళ్లు తిరగడానికి చందాలు అడుగుతున్నామని ఒకరన్నారు. అనుమానం రావడంలో తప్పులేదు, అలాంటివి జరుగుతున్నాయి. మా తిండి, బస, టైర్లు, ట్యూబులు, వెనక వచ్చే వ్యాను, అన్నీ మా పెన్షన్లలోంచే. విరాళం ఒక్క రూపాయి కూడా మా చేతుల్లోకి రాదు. ఇచ్చేవాళ్లు నేరుగా ఆ పిల్లల వైద్యం చూసే సంస్థ ఖాతాలోనే వేసి రసీదు తీసుకోవాలి. మా ఖర్చంతా భరిస్తామని ఒక కంపెనీ ముందుకొచ్చింది. బ్యానర్ల లెక్కే తప్ప పిల్లల గురించి ఒక్క మాట అడగలేదు. వద్దన్నాం. తొక్కేవాళ్ల ఖర్చు విరాళాల్లోంచి తీసే సేవాయాత్ర ఎవరు చేసినా నేను ఒప్పుకోను.

"మేమే ఇస్తాం, నువ్వు వెళ్లకు" అన్న మా చెల్లెలి కొడుక్కి చెప్పేది ఇది: నువ్వు ఇవ్వు నాన్నా, నేను వెళ్తాను. దారిలో ఆగిన ప్రతి ఊళ్లో నలుగురితో మాట్లాడాలి నేను. తల్లీతండ్రీ ఇద్దరూ తలసీమియా క్యారియర్లయితే, అంటే తమకు జబ్బు లేకపోయినా దాని జన్యువు ఉన్నవాళ్లయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే ముప్పు నాలుగింట ఒక వంతు ఉంటుందని, హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్షతో పెళ్లికి ముందే తెలుసుకోవచ్చని చెప్పాలి. నెరిసిన జుట్టుతో సైకిల్ దిగిన మనిషి చెబితే ఆగి వింటారు.

డబ్బు ఇవ్వలేనివాళ్లు రక్తం ఇవ్వండి. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. కాలేజీలకు సెలవులిచ్చాక శిబిరాలు తగ్గిపోతాయి, ఆ పిల్లలకు మాత్రం సెలవులుండవు. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లండి.