బడి లెక్క బడ్జెట్‌కు ఎక్కాలి

హైదరాబాద్ బస్తీల్లోని సర్కారు బడిలో ప్రధానోపాధ్యాయుడి బల్ల సొరుగు తెరిస్తే ఆ బడి ఆర్థిక పరిస్థితి అక్కడే తెలిసిపోతుంది. ఒక పక్క మరుగుదొడ్డికి తలుపు లేదనీ, నీళ్ల మోటారు కాలిపోయిందనీ డిప్యూటీ ఐఓఎస్ (ఉప పాఠశాలల తనిఖీ అధికారి) కార్యాలయానికి రాసిన లేఖల నకళ్లు ఉంటాయి. మరో పక్క ఫినాయిల్, చీపుళ్లు, కుళాయి వాషరు, జిరాక్సులు, పుస్తకాల కట్టలు తెచ్చిన ఆటో కిరాయి వంటి ఖర్చుల చీటీలు ఉంటాయి. ఆటోవాలా రసీదు ఇవ్వడు కనుక ఆ మొత్తం ఒక పాత నోటుపుస్తకం వెనుక అట్ట మీద రాసి ఉంటుంది. వీటిలో కొన్నింటికి ఆలస్యంగానైనా డబ్బు వస్తుంది, మిగిలినవి సొంత జేబు మీద పడతాయి. జేబులోంచి పెట్టినదాన్ని ఏ పద్దులోనూ రాయరు కాబట్టి, ప్రభుత్వ లెక్కల ప్రకారం ఆ ఖర్చు అసలు జరగనే లేదు.

బడ్జెట్ సమయంలో విద్య మీద చర్చ ఏటా శాతాల చుట్టూనే తిరుగుతోంది. 2025-26 తెలంగాణ రాష్ట్ర బడ్జెట్ మొత్తం రూ.3,04,965 కోట్లలో విద్యాశాఖకు కేటాయించింది రూ.23,108 కోట్లు, అంటే ఏడున్నర శాతం పైచిలుకు. విద్యకు 15 శాతం ఇస్తామని 2023 ఎన్నికల ప్రణాళికలో కాంగ్రెస్ చెప్పింది. జాతీయాదాయంలో ఆరు శాతం విద్యకు కేటాయించాలని 1966లో కొఠారీ కమిషన్ సూచించగా, 2020 నాటి జాతీయ విద్యా విధానం అదే మాటను మళ్లీ చెప్పింది. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలని ప్రభుత్వాన్ని మేమూ కోరుతున్నాం. అయితే విద్యాశాఖ పద్దులో సింహభాగం జీతభత్యాలకే పోతుంది. అది పోవలసిందే, పంతులు లేని బడి బడి కాదు. కానీ జీతాలు పోగా బడి తలుపులు తెరిచి నడపడానికి ఏం మిగులుతోందన్న ప్రశ్న శాసనసభలో వినిపించడం అరుదు.

కేంద్ర, రాష్ట్రాలు 60:40 నిష్పత్తిలో భరించే బడి విద్యా పథకం ‘సమగ్ర శిక్షా’ కింద బడికి వచ్చే వార్షిక గ్రాంటునే చూద్దాం. విద్యార్థులు 30 మంది లోపు ఉంటే ఏడాదికి రూ.10,000, వంద వరకు రూ.25,000, 250 వరకు రూ.50,000, వెయ్యి వరకు రూ.75,000, ఆపైన లక్ష రూపాయలు. అందులో కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికి వాడాలి. ముప్పై మంది పిల్లలున్న బడికి ఇది నెలకు ఎనిమిది వందల చిల్లర మాత్రమే. ముప్పై ఒకటో పిల్లవాడు చేరితే గ్రాంటు రెండున్నర రెట్లవుతుంది, ఒక పిల్లవాడు బదిలీ పత్రం తీసుకుని వెళ్లిపోతే మళ్లీ పదివేలకు పడిపోతుంది. గేటు తాళానికి, హాజరు పట్టీకి, నీళ్ల ట్యాంకు శుభ్రతకు మాత్రం ఖర్చు ఒక్కటే. పైగా డబ్బు ఎప్పుడు వస్తుందో ప్రధానోపాధ్యాయుడి చేతిలో ఉండదు. 2021 జులై నుంచి ఈ నిధులు ఒకే నోడల్ ఖాతా ద్వారా నడుస్తున్నాయి, బడికి దక్కేది ‘లిమిట్’, అంటే ఆ ఖాతా నుంచి వాడుకోగల పరిమితి మాత్రమే. లిమిట్ పడినట్టు తెలిశాక బిల్లులు పెట్టి, పీపీఏ (బ్యాంకుకు ఇచ్చే చెల్లింపు సూచన పత్రం) తీసి, సంతకాలు చేయించి బ్యాంకుకు పరుగెత్తాలి. ఆర్థిక సంవత్సరం చివర్లో పడితే మార్చి 31 లోగా ఏది దొరికితే అది కొనడమే తప్ప, బడికి ఏది అవసరమో ఆలోచించే వ్యవధి ఉండదు.

రాష్ట్ర ప్రభుత్వం ఈ బాధను కొంత గుర్తించింది. 2024లో పాఠశాలల పారిశుద్ధ్యం, నిర్వహణకు విద్యార్థుల సంఖ్యను బట్టి నెలకు రూ.3,000 నుంచి రూ.20,000 వరకు ఇచ్చే ఏర్పాటు చేసింది, ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచిత విద్యుత్తు ప్రకటించింది. అంతకుముందు 2022లో నాటి ప్రభుత్వం మూడు దశల్లో 26,065 బడులను బాగుచేసే సంకల్పంతో ‘మన ఊరు–మన బడి’ని చేపట్టింది, నగరంలో దాన్నే ‘మన బస్తీ–మన బడి’ అన్నారు. ఇవన్నీ మంచి పనులే, కానీ అన్నీ పై నుంచి కిందికి వచ్చిన కొలతలే. మూడు వేల రూపాయలతో నెలంతా రోజూ వచ్చి గదులు ఊడ్చి, మరుగుదొడ్లు కడిగే మనిషిని హైదరాబాద్‌లో తెచ్చుకోవడం ఎంత కష్టమో ఇక్కడి ప్రధానోపాధ్యాయులను అడిగితే తెలుస్తుంది. పాతబస్తీలో ఒకే భవనంలో రెండు మూడు బడులు నడిచే చోట పైపు పగిలితే ఏ బడి గ్రాంటుతో బాగుచేయించాలో తేల్చే నిబంధన కావాలి. అద్దె ఇంట్లో నడిచే బడికి గోడలో మేకు కొట్టాలన్నా ఇంటి యజమాని ఒప్పుకోవాలి. ఈ తేడాలు తలల లెక్కకు అందవు.

చట్టం వీటిని పట్టించుకోలేదని చెప్పడానికి వీల్లేదు. 2009 విద్యా హక్కు చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీ పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి, ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకు ఆ ప్రణాళికే ఆధారం కావాలి. ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం మూడు నెలల ముందే అది సిద్ధం కావాలని 2010 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఆచరణలో ఈ వరుస తలకిందులైంది. ముందు గ్రాంటు ఖరారవుతుంది, తరువాత దానికి సరిపడేలా ప్రణాళిక పత్రం నింపుతారు. ఇప్పుడు బడి పనులు చేయించేందుకు మహిళా సంఘాలతో కూడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వచ్చాయి. మహిళా సంఘాలకు బడి పనుల్లో భాగం ఇవ్వడాన్ని మేము స్వాగతిస్తున్నాం. అయితే ప్రణాళిక రాసే కమిటీ ఒకటి, డబ్బు ఖర్చు పెట్టే కమిటీ మరొకటి అయితే జవాబుదారీ ఎవరన్న సందేహం ప్రధానోపాధ్యాయుల మీద భారమై కూర్చుంటుంది.

ఇక్కడ ప్రధానోపాధ్యాయుల సంఘాలతోనూ ఒక మాట చెప్పక తప్పదు. శాసనమండలిలోని 40 స్థానాల్లో మూడు ఉపాధ్యాయ నియోజకవర్గాలవి. ఇంత బలమైన గొంతు చాలా వృత్తుల వారికి లేదు. ఆ గొంతులో పీఆర్‌సీ (వేతన సవరణ), డీఏ బకాయిలు, బదిలీలు వినిపించినంత గట్టిగా బడి గ్రాంటు వినిపించడం లేదు. జీతం కోసం అడగడం న్యాయమే. కానీ వినతిపత్రంలో బడి ఖర్చుల అంశం చిట్టచివర ఒక్క వాక్యంగా మిగిలితే, దాన్ని చదివే అధికారి కూడా దానికి అంతే విలువ ఇస్తాడు. సంఘాలు తమ సభ్యుల చీటీలను పోగుచేసి, బడి వారీగా ఏడాదికి అసలు ఎంత ఖర్చయిందో, ఎంత వచ్చిందో లెక్క కట్టి ఆర్థిక శాఖ ముందు పెడితే దాన్ని కాదనడం ఎవరికీ సులువు కాదు. విడిగా ఒక ప్రధానోపాధ్యాయుడు ఆ పని చేస్తే ప్రభుత్వ ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళిని గుర్తుచేసే పై అధికారులు ఉన్నారు. బడిలో నీళ్లు లేవని చెప్పడం ప్రభుత్వ విధానాన్ని విమర్శించడం కాదని పాఠశాల విద్యాశాఖ స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి.

ఏటా డిసెంబరులో జిల్లా స్థాయిలో ప్రధానోపాధ్యాయులతో, యాజమాన్య కమిటీలతో బహిరంగ విచారణ జరపాలి. ఆర్థిక శాఖ అధికారి ఒకరు అక్కడ కూర్చొని వినాలి. ఏ బడి ఏం అడిగింది, ఏం మంజూరైంది, కానిదానికి కారణమేమిటి అన్నది బడి గోడ మీద రాయాలి. బడి తెరవడానికి ఎంత చిన్న బడికైనా తప్పని ఖర్చుకు ఒక కనీస మొత్తం నిర్ణయించి, ఆపైన మాత్రమే పిల్లల సంఖ్యను లెక్కలోకి తీసుకోవాలి. ఆ మొత్తంలో సగమైనా జూన్ 12న తొలి గంట కొట్టే నాటికి బడి ఖాతాలో ఉండాలి. అప్పుడైనా సొరుగులోని చీటీలకు ప్రభుత్వ లెక్కల్లో చోటు దొరుకుతుంది.