ఎండ ఉండగా ఫ్లాష్ దండగేనా?

బయట మోడల్ షూట్‌కి ఫ్లాష్ మోసుకెళ్ళడం దండగ అన్న మాట కొత్తగా కెమెరా పట్టినవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో, రీల్స్‌లో తెగ తిరుగుతోంది. చెప్పే కారణాలు ఇంచుమించు ఎప్పుడూ ఇవే. సూర్యుణ్ణి మించిన లైటు లేదు, గోల్డెన్ అవర్‌లో, అంటే పొద్దు పొడిచాక, పొద్దు వాలే ముందు ఉండే బంగారు వెలుగులో తీస్తే చాలు. మరీ అవసరమైతే ఎండను ముఖం మీదికి తిప్పే గుడ్డ, రిఫ్లెక్టర్, ఉంది. ఫ్లాష్ వేస్తే ఫొటో కృత్రిమంగా ఉంటుంది. నీడలు తర్వాత లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో లేపుకోవచ్చు. అయినా చిన్న ఫ్లాష్ పట్టపగటి ఎండ ముందు ఆనదు.

సూర్యుడు పెద్ద లైటే, కాదనను. కాకపోతే మనం చెప్పిన చోట నిలబడడు. విశాఖ ఆర్కే బీచ్‌నే తీసుకోండి. మన కోస్తాలో పొద్దున సూర్యుడు సముద్రం మీంచి లేస్తాడు. మోడల్ వెనక అలలు కావాలంటే సూర్యుడూ వెనకే ఉంటాడు, ముఖం నీడలో పడుతుంది. ముఖానికి ఎక్స్‌పోజర్ పెడితే ఆకాశం తెల్లబడిపోతుంది, ఆకాశానికి పెడితే మనిషి నల్లబడిపోతుంది. మోడల్‌ని ఇటు తిప్పమంటారు. తిప్పితే సముద్రం పోయి బీచ్ రోడ్డు, పార్క్ చేసిన బైకులు, మొక్కజొన్న పొత్తుల బండి వస్తాయి. ఆ అమ్మాయి తెల్లవారకముందే లేచి మేకప్ వేయించుకుంది వీటి కోసమా?

గోల్డెన్ అవర్ సలహా చాలావరకు యూరప్, అమెరికా వీడియోల్లోంచి దిగుమతి అయింది. అక్కడ పొద్దు ఏటవాలుగా వాలుతుంది, మన దగ్గర దాదాపు నిట్టనిలువునా దిగిపోతుంది. మార్చి, సెప్టెంబరు నెలల్లో సూర్యుడు ఆరు డిగ్రీల ఎత్తు నుంచి దిగి అస్తమించడానికి లండన్‌లో 38 నిమిషాలు పడితే, హైదరాబాద్‌లో 25 నిమిషాలే పడుతుంది. పేరుకే అవర్. అందులోనే చీర మార్చుకోవాలి, జడలో పూలు సర్దుకోవాలి, అంతలో ఒక మబ్బు అడ్డొస్తే అందరికీ టెన్షన్.

రిఫ్లెక్టర్ మంచి వస్తువే. కానీ ఎండ ఉంటేనే అది పనిచేస్తుంది. ఎండ గట్టిగా ఉంటే మోడల్ కళ్ళు చిట్లిస్తుంది, మబ్బు పడితే మన చేతిలో మిగిలేది గుడ్డ.

కృత్రిమంగా ఉంటుందన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. కెమెరా నెత్తిన బిగించి సూటిగా ముఖం మీద కొట్టే ఫ్లాష్‌ను చూసి పుట్టిన మాట అది. అదే ఫ్లాష్‌ను ట్రిగ్గర్‌తో (వైరు లేకుండా దూరం నుంచి ఫ్లాష్ వెలిగించే పరికరం) పక్కకు తీసి, 60 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్‌లో (వెలుగును మెత్తబరిచే తెల్లగుడ్డ పెట్టె) పెట్టి, మీటరు దూరంలో కళ్ళకంటే కొంచెం ఎత్తులో నిలబెట్టి చూడండి. మోడల్ నిలబడిన చోటికి లైటు ఎంత పెద్దగా కనిపిస్తే నీడ అంచు అంత మెత్తబడుతుంది. ఆకాశంలో సూర్యుడి వెడల్పు అర డిగ్రీ మాత్రమే, అందుకే ఎండ నీడ అంత కటువు. మీటరు దూరంలోని ఆ సాఫ్ట్‌బాక్స్ ముప్పై డిగ్రీలు దాటుతుంది. మనిషిని అతికించినట్టు కనిపించడానికి రంగు కూడా కారణమే. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ రంగు నారింజ వైపు జరుగుతుంది. ఫ్లాష్ వెలుగు సుమారు 5500 కెల్విన్, పొద్దువాలే ఎండ 3500కి అటూ ఇటూ. చుట్టూ బంగారం, ముఖం మాత్రం తెల్లగా పాలిపోయి ఉంటుంది. ఫ్లాష్ ముందు హాఫ్ సీటీఓ అనే నారింజ జెల్ ముక్క అతికిస్తే ఆ తేడా చాలావరకు పోతుంది.

లైట్‌రూమ్ సంగతికొస్తే, రా ఫైల్‌లో (కెమెరా కుదించకుండా దాచే పూర్తి డేటా) నీడల్ని రెండు మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) లేపడం ఈనాటి సెన్సర్లకు పెద్ద పని కాదు. అయితే స్లైడర్ వెలుగును పెంచుతుందే గాని, అది వచ్చే దిక్కును మార్చదు. కళ్ళలో లేని మెరుపు రాదు. కింద పచ్చిక ఉంటే గడ్డం మీద పడ్డ ఆకుపచ్చ ఛాయ కూడా నీడతోపాటే లేస్తుంది.

ఇక చిన్న ఫ్లాష్ ఎండకు ఆనదన్న మాట. వీటన్నిటిలో పస ఉన్నది దీనికే, కాబట్టి లెక్క చూడాలి. నిండు ఎండలో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, అపర్చర్ (లెన్స్ రంధ్రం, అంకె పెరిగితే చిన్నది) ఎఫ్/16 పెడితే షట్టర్ సుమారు 1/100 సెకను వస్తుంది. చాలా కెమెరాల సింక్ స్పీడ్, అంటే ఫ్లాష్ మామూలుగా కలిసి పనిచేసే అత్యధిక షట్టర్ వేగం, 1/200 ప్రాంతంలో ఆగుతుంది, అక్కడ అపర్చర్ ఎఫ్/11. సాఫ్ట్‌బాక్స్‌లో పెట్టిన 200 వాట్-సెకన్ల బ్యాటరీ ఫ్లాష్ మీటరు దూరంలో ఆ ఎఫ్/11ను అందుకుంటుంది. రెండు మీటర్లకు జరిపితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ఆనడం లేదనేవాళ్ళలో చాలామంది లైటు ఫ్రేములో పడుతుందని భయపడి దూరంగా పెట్టినవాళ్ళే. పడనివ్వండి. కెమెరా కదపకుండా లైటు తీసేసి ఇంకో షాట్ తీసుకుంటే, తర్వాత రెండూ కలిపి స్టాండ్‌ని చెరిపేయొచ్చు. పైగా సింక్ స్పీడ్ దాటనంతవరకు షట్టర్ మారిస్తే వెనక ఆకాశమే ముదురుతుంది లేదా తేలుతుంది, ముఖం మీది ఫ్లాష్ వెలుగు మారదు. ముఖాన్నీ ఆకాశాన్నీ విడివిడిగా సర్దుకునే ఈ వీలు కోసమే ఫ్లాష్ మోసేది.

వెనక బ్లర్ కావాలని ఎఫ్/2.8 తెరిస్తే షట్టర్ 1/3200 అడుగుతుంది. అప్పుడు సింక్ స్పీడ్ దాటినా ఫ్లాష్ పనిచేసే హై స్పీడ్ సింక్ వాడమని రీల్స్ చెబుతాయి, దాని ఖరీదు చెప్పవు. అంత వేగంలో షట్టర్ సన్నని చీలికగానే తెరుచుకుంటుంది, ఆ చీలిక సెన్సర్ మీద సాగినంతసేపూ ఫ్లాష్ వరసగా మెరుస్తూ ఉండాలి కాబట్టి రెండు స్టాపుల బలమో, అంతకంటే ఎక్కువో పోతుంది. దానికి బదులు లెన్స్‌కి నాలుగు స్టాపుల వెలుగు తగ్గించే నల్లటి అద్దం, ఎన్‌డీ ఫిల్టర్, బిగిస్తే షట్టర్ మళ్ళీ 1/200కి వస్తుంది, ఫ్లాష్‌కి పడే బరువు ఎఫ్/11 దగ్గర ఉన్నంతే. నా ఓటు దీనికే.

ఇంతకీ అసలు ఇబ్బందుల్ని ఆ పోస్టులు పట్టించుకోవు. బీచ్ గాలికి సాఫ్ట్‌బాక్స్ తెరచాపలా లేస్తుంది. ఇసుక సంచీ, పట్టుకునే మనిషి లేకుండా స్టాండ్ వదలకూడదు, ఆ మనిషి కూలీ బడ్జెట్లో ఉండాలి. గోల్కొండ, గండికోట వంటి భారత పురావస్తు శాఖ కట్టడాల్లో స్టాండ్లు, ట్రైపాడ్లు పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. అది లేనప్పుడు గుమ్మం లోపలి నీడలో మోడల్‌ని బయటివైపు తిప్పి నిలబెట్టడం మేలు, వెలుగు మెత్తగా వస్తుంది. అలాంటి చోట నేనూ ఫ్లాష్ బ్యాగును కారులోనే వదిలేస్తాను.